గోదారి దిగువకు, ఒక నోటుబుక్కుతో

శనివారం, రాజమండ్రి

హైదరాబాద్ వైపు నుంచి వచ్చే రైలు కొవ్వూరు దాటగానే పెట్టెలో సగం మంది కిటికీల దగ్గరికి చేరతారు. కొందరు దండం పెడతారు, కొందరు చిల్లర విసురుతారు, మిగిలినవాళ్ళు ఫోన్లు తీస్తారు. మాది కాళేశ్వరం దగ్గరి పల్లె. మాకూ ఇదే గోదారి. కానీ ఎండాకాలం వస్తే మావైపు ఇసుకలో నడుచుకుంటూ సగం నది దాటేస్తాం. ఇక్కడ కార్తీకమాసంలో కూడా అవతలి ఒడ్డు మసకగా కనిపిస్తోంది. ఒకే నది అంటే నమ్మబుద్ధి కాలేదు.

స్టేషన్లో మా బావ కారుతో సిద్ధంగా ఉన్నాడు. మా అక్కను చేసుకున్న మనిషి, కాకినాడ వాస్తవ్యుడు, రిటైరైనప్పటి నుంచి ఎవరు దొరుకుతారా, పాత తూర్పు గోదావరి జిల్లా అంతా చూపిద్దామా అని ఎదురు చూస్తున్నాడు. రోజుకో పేజీ చొప్పున ఒక చరిత్ర ముక్క, ఒక చిల్లర విషయం, ఒక నవ్వులాట రాసుకుందామని నేను నోటుబుక్కు తెచ్చుకున్నాను. చూసి, "ఒరే బామ్మర్దీ, మా జిల్లాకి ఆ బుక్కు చాలదురా" అన్నాడు. ఆయన గర్వం ఆయనది.

ముందు వంతెనలు. పాతది హేవ్‌లాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసింది. మొత్తం 56 స్పాన్లు. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. దాని పక్కన 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, కింద రైలు, పైన బస్సు. ఆ తరవాత వచ్చింది ఆర్చీల వంతెన, అందరి క్యాలెండర్ల మీదా ఉండేది. పెళ్ళి ఫొటోల వాళ్ళంతా దీనివైపే కెమెరా పెడతారు. నాకు మాత్రం రైళ్ళు లేక ఖాళీగా నిలబడ్డ పాతదే నచ్చింది. నూరేళ్ళు నిండకముందే రిటైర్ చేశారు, పెన్షనైనా ఇవ్వలేదు అని బావ బాధపడ్డాడు.

సాయంత్రం కందుకూరి వీరేశలింగం గారి ఇంటికి వెళ్ళాం. 1881 డిసెంబరు 11న ఈ ఊళ్ళో ఆయన జరిపించిన వితంతు వివాహం గురించి బడి పుస్తకంలో అందరం చదివాం. పుస్తకంలో ఒక్క ముక్కలో తేల్చేసే సంగతి ఒకటుంది: ఆ పెళ్ళిళ్ళ తరవాత వెలి వేశారు కాబట్టి వంటమనిషి రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదారికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చుకుని పెళ్ళివారికి వండి పెట్టింది. ఉపన్యాసం ఇచ్చినాయన విగ్రహం ఊరంతా ఉంది. ఆ మెట్లన్నీ ఎక్కి దిగిన మనిషి పేరు మీద ఘాట్‌లో ఒక్క బోర్డన్నా నా కంటపడలేదు.

ఊరి పేరు అధికారికంగా 2015లో రాజమహేంద్రవరం అయింది. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన ఊరు, ఆయన అడిగితేనే నన్నయ భారతం తెలుగులో మొదలుపెట్టాడు, కాబట్టి పెద్ద పేరుకి అర్హత ఉన్నదే. ఆటోవాళ్ళు మాత్రం "రాజమండ్రి, రాజమండ్రి" అనే అరుస్తున్నారు. రాత్రి కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్ తాగాం. చలికాలంలో చల్లటిది తాగాలా అంటే, "ఇక్కడ చలికాలం అంటే ఫ్యాను రెండులో పెట్టుకునే కాలం" అని కొట్టు ముందు నిలబడ్డ పెద్దాయనెవరో మధ్యలో కల్పించుకుని చెప్పాడు. చివర్న "ఆయ్" కూడా అన్నాడు. మొదటి రోజే దొరికింది.

ఆదివారం, ధవళేశ్వరం, ఆత్రేయపురం

ఈ జిల్లాలో గుర్రం మీద తెల్లదొర కనిపిస్తే అడగక్కర్లేదు, కాటన్. చౌరస్తాలో ఉంటాడు, కాలవ గట్టున ఉంటాడు, బంగారు రంగేసుకుని పంచాయతీ ఆఫీసు ముందు కూడా ఉంటాడు. తెల్లవాళ్ళ విగ్రహాలు పీకేసిన దేశంలో ఒక ఇంగ్లీషు ఇంజినీరుకి రైతులు చందాలు వేసుకుని దండలు వేయడం ఇక్కడే చూశాను. గోదారి స్నానం చేస్తూ ఆయన్ని భగీరథుడిగా తలుచుకునే శ్లోకం కూడా ఒకటుంది, ఘాట్ల దగ్గర పెద్దవాళ్ళకు నోటికొచ్చు.

1832-33లో వచ్చిన డొక్కల కరువు, 1839 తుపాను కలిసి ఈ ప్రాంతాన్ని తుడిచిపెట్టేశాయి. పక్కనే ఇంత నది ఉండి జనం తిండి లేక పోయారు. ఆర్థర్ కాటన్ అంతకుముందు కావేరి మీద పనిచేశాడు. అక్కడ చోళుల నాటి కల్లణై ఆనకట్ట ఇసుకలోనే పునాది వేసుకుని వందల ఏళ్ళు నిలబడింది. ఇసుక నేల మీద ఆనకట్ట కట్టొచ్చని ఆయన అక్కడి పాత పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నాడు. ఆ పాఠం 1847లో ఇక్కడికి తెచ్చాడు. అయిదేళ్ళలో ఆనకట్ట లేచింది. నది మధ్య లంకల్ని వాడుకుని నాలుగు ముక్కలుగా కట్టారు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఇప్పుడు మనం కారు నడిపేది దాని స్థానంలో తరవాత కట్టిన బ్యారేజీ మీద. నది ఇక్కడే గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలి సముద్రం దారి పడుతుంది.

కాటన్‌కి రైళ్ళంటే పడేది కాదు. దేశమంతా కాలవలు తవ్వండి, పడవలు నడపండి, పొలాలకు నీళ్ళూ వస్తాయి, సరుకూ కదులుతుంది అని లండన్‌లో పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించాడు. ఓడిపోయాడు. నా ఉద్దేశంలో సగం కరెక్టే చెప్పాడు.

మ్యూజియం పక్కన టీ కొట్టులో చిల్లర విషయం దొరికింది. వరద కాలంలో ఇక్కడి జనం నీటిమట్టాన్ని క్రికెట్ స్కోరులా చెప్పుకుంటారు. "ఎంతయ్యింది?" "పన్నెండు దాటింది." 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అంటే సుమారుగా పది లక్షల క్యూసెక్కులు, పదమూడు లక్షలు, పదిహేడు లక్షలు. అరవై దాటినవాళ్ళయితే ఎంత నీళ్ళొచ్చినా "ఎనభై ఆరులో వచ్చినంత కాదులే" అంటారు. 1986 ఆగస్టు వరద వాళ్ళకి కొలబద్ద.

బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం. పూతరేకు తయారీ చూడాలని చాలా కాలంగా కోరిక. ఒక ఇంటి వరండాలో ఒకావిడ బోర్లించిన కుండ ముందు కూర్చుంది. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగింది. రెండు లెక్కపెట్టేలోగా కాగితం కంటే పల్చటి రేకు లేచి వచ్చింది. "జయ బియ్యమే కావాలండి, వేరేవైతే విరిగిపోద్దండి" అంది, చెయ్యి ఆపకుండానే. నేను ప్రయత్నిస్తానంటే నవ్వి, చేతులు కాల్చుకుంటారు బాబూ అంది. ఆ కుండ వేడి దగ్గర రోజుకి వందల రేకులు లాగే వేళ్ళవి. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెట్టె మీద ఆ ముద్ర ఉంటే కొట్టువాడికి నాలుగు రూపాయలు ఎక్కువ రావచ్చు, రేకు లాగే చేతికి ఎంత వస్తుందో మాత్రం పెట్టె మీద రాయరు.

మధ్యాహ్నం హోటల్ ముందు "ఈ రోజు స్పెషల్ పులస" అని పలక. పుస్తెలమ్మైనా పులస తినాలి అన్న సామెత వినే ఉన్నాను కాబట్టి ఆగుదామన్నాను. బావ కారు దిగకుండానే చెప్పాడు: "పులస అంటే వరదలో సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేపరా. జులై నుంచి సెప్టెంబరు. కార్తీకంలో పులస అంటే అది గోదారి మొహం చూడని చేప." పైగా ఆయన ఈ నెలంతా మాంసం, చేపా ముట్టడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని పెరుగన్నం తినే దృశ్యం ఊహించుకుని నేనూ పప్పన్నంతో సరిపెట్టాను.

సోమవారం, బిక్కవోలు, తాపేశ్వరం

కడియం నర్సరీల మధ్య నుంచి వెళ్ళాం. రోడ్డుకి రెండు వైపులా కిలోమీటర్ల కొద్దీ కుండీలే. ఆగితే డిక్కీ నిండిపోతుందని బావ ఆపలేదు. ద్వారపూడి దగ్గర నల్లబట్టల స్వాములు, కార్తీక సోమవారం ఉపవాసాల వాళ్ళు, అందరూ కలిసి ట్రాఫిక్ జామ్.

బిక్కవోలు తొమ్మిదో శతాబ్దంలో తూర్పు చాళుక్యుల ఊరు. పొలాల మధ్య వరసగా పాత గుళ్ళు, వరి కోతలకొచ్చిన చేల పక్కన. కానీ జనం వచ్చేది వినాయకుడి కోసం. ఇక్కడ కోరిక చెప్పుకోవాలంటే విగ్రహం చెవిలో చెప్పాలి. క్యూలో నా ముందున్న కుర్రాడు చాలాసేపు గుసగుసలాడాడు. వెనకనుంచి ఒకావిడ "బాబూ, గ్రూప్ టూ సిలబస్ అంతా చెబుతున్నావా ఏంటి?" అంది. లైనంతా నవ్వింది, పూజారి కూడా. నేను చెవి దగ్గరికెళ్ళాక ఏమీ తోచక, "బాగున్నావా" అని అడిగి వచ్చేశాను. రోజంతా అందరూ అడిగేవాళ్ళే కదా.

తాపేశ్వరంలో మడత కాజా. పిండిని పొరలు పొరలుగా మడిచి వేయించి పాకంలో వేస్తారు, కొరికితే పొరల మధ్య పాకం. ఇదే ఊళ్ళో 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్‌లోకి ఎక్కించారు. నేను మెచ్చుకుంటూ రెండోది తీసుకోగానే బావ ముఖం మారింది. కాకినాడవాళ్ళకి కాజా అంటే గొట్టం కాజా, లోపల పాకంతో నిండి ఉండేది. కోటయ్య గారి పేరు మీద 1891 నుంచీ చెప్పుకుంటారు. "ఇది కాజా కాదురా, తీపి పరోటా" అని తీర్మానించాడు. తాపేశ్వరం కొట్టులో నిలబడి అంత గట్టిగా అనడం నాకు టెన్షన్ పెట్టింది. కొట్టతను మాత్రం నవ్వుతూ, "కాకినాడోరాండి?" అని ఒక ముక్క ఫ్రీగా ఇచ్చాడు. బావ తిన్నాడు.

మంగళవారం, ద్రాక్షారామం, యానాం

సోమవారం కాకుండా మంగళవారం వెళ్ళడం మంచిదైంది. పంచారామాలన్నీ ఒక్క రోజులో చుట్టే ఆర్టీసీ బస్సులు ముందు రోజే వెళ్ళిపోయాయి, గుడి ఊపిరి పీల్చుకుంటోంది. భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. కింద మొదలు చూసి, మెట్లెక్కి పై అంతస్తులో పూజ చేయించుకోవాలి. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం మూడూ కలిసి త్రిలింగ దేశం అని చిన్నప్పటి నుంచి మా ఊళ్ళో వింటున్నదే. మొదటి మూల నుంచి వచ్చి ఈ మూల చూశాను.

నేను ఎక్కువసేపు ఉన్నది గర్భగుడిలో కాదు, గోడల దగ్గర. నాలుగు వందలకు పైగా శాసనాలున్నాయి ఇక్కడ. రాజుల పొగడ్తలు చాలానే ఉంటాయి కానీ, నాకు ఆసక్తి అనిపించింది దీపాల లెక్క. ఎవరో ఒకాయన అఖండ దీపం పెట్టించాలనుకుంటాడు. డబ్బివ్వడు, యాభై గొర్రెలిస్తాడు. ఆ గొర్రెల్ని ఒక బోయడికి అప్పగిస్తారు. పిల్లలు, పాలు, లాభం అతనివి. బదులుగా అతను, అతని కొడుకులు, మనవలు రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి, సూర్యచంద్రులున్నంత కాలం. ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివేవీ లేని రోజుల్లో అసలు తరగకుండా వడ్డీతో దీపం వెలిగించే ఏర్పాటు. దాత పేరు రాయి మీద ఉంది. గొర్రెల మంద ఎక్కడ మేసిందో, కరువు ఏడాది ఆ బోయడు నెయ్యి ఎక్కడ తెచ్చాడో ఎవరూ చెక్కలేదు. డొక్కల కరువు నాటికి ఈ లెక్కల్లో ఎన్ని నడుస్తున్నాయో అనిపించింది.

యానాం పొలిమేరలో మొదట కనబడేవి మందు షాపులు. పన్ను తేడా వల్ల సరుకు చవక, పెట్రోలూ చవక. బావ కారు ట్యాంకు ఇక్కడి కోసమే ఖాళీగా ఉంచుకున్నాడని అప్పుడు అర్థమైంది. ఎర్ర టోపీ పోలీసులు. భాష, వంట, కులాల గొడవలు అన్నీ గోదావరి జిల్లావే, ప్రభుత్వం మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పుదుచ్చేరిలో. రాజీవ్ బీచ్ వైపు తిరిగితే ఈఫిల్ టవర్ పోలికతో కట్టిన టవరు. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయిన యాభై ఏళ్ళకు కట్టుకున్నారు దాన్ని. ఉన్నప్పుడు వాళ్ళమీద పోరాటం, పోయాక వాళ్ళ టవరు. ఇందులో తప్పేం లేదు, టూరిస్టులు దాని ముందే ఫొటోలు దిగుతున్నారు, నేనూ దిగాను.

ఫ్రెంచి యానాం పక్కనే, పొలం గట్టు దూరంలో అన్నట్టు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళ గిడ్డంగి ఉండేది. ఇద్దరూ వచ్చింది నేతబట్టల కోసమే. తరవాతి రోజుల్లో యానాం మంగళవారం సంతకి చుట్టుపక్కల జనమంతా వచ్చేవారు, సీమ సరుకు, అంటే విదేశీ సరుకు కోసం. సుంకం కట్టకుండా తీసుకుపోయిన సరుకు గురించి మన పెద్దవాళ్ళు చెప్పుకునే కథలు వేరే నోటుబుక్కుకి సరిపోతాయి.

ఇంకొక దొంగ సరుకు కథ ఉంది, అది నవ్వే కథ కాదు. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలు నేరం అయ్యాయి. యానాం బ్రిటిష్ ఇండియా కాదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల వాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇక్కడికొచ్చి పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళేవారు. ఊరికి కళ్యాణపురం అని మురిపెంగా పేరు కూడా పెట్టారు. రాజమండ్రిలో రాజ్యలక్ష్మమ్మ గారు బిందెలు మోసిన యాభై ఏళ్ళకు, అక్కడికి ఒక పూట ప్రయాణం దూరంలో.

1954 జూన్ 13న యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి వచ్చేసింది. ముందుండి నడిపించింది దడాల రఫేల్ రమణయ్య, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు శాఖలోనే పనిచేసినాయన. పుదుచ్చేరి విలీనానికి ఆ నవంబరు దాకా ఆగాల్సొచ్చింది, కాగితాల మీద సంతకాల తంతు పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు. చిన్న ఊరు ముందు దూకింది.

బుధవారం, కోరంగి

మడ అడవిలో చెక్కల బాట మీద నడక. బురదలోంచి ఊపిరి వేళ్ళు మేకుల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, చేపలు పట్టుకుని తినే బావురు పిల్లి దీని ప్రత్యేకత. అది రాత్రి తిరిగే జంతువు, మేము పగలు వెళ్ళాం, అంతే సంగతులు. అటు దూరంగా హోప్ ఐలాండ్, రెండు వందల ఏళ్ళ కిందట నది మోసుకొచ్చిన ఇసుకతో పేరుకున్న దిబ్బ. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా అదే అడ్డుగా ఉంటుంది.

ఇక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేకపోవడమే అసలు సంగతి. ఒకప్పుడు కోరంగి ఈ తీరంలో పేరున్న రేవు, ఓడలు బాగుచేసే చోటు. 1789లో ఒక ఉప్పెన, మళ్ళీ 1839 నవంబరు 25న ఇంకొకటి. రెండో దెబ్బతో ఊరు తేరుకోలేదు. కానీ పేరు ఓడెక్కి వెళ్ళిపోయింది. బర్మాకి కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళు ఏ జిల్లా వాళ్ళైనా రంగూన్‌లో అందరూ కోరంగీలే. అక్కడి రేవులో మూటలు మోసింది వాళ్ళే. 1930లో డాక్ కూలీ పనుల దగ్గర మొదలైన గొడవలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. 1942లో జపాన్ సైన్యం వస్తుంటే అడవుల్లోంచి నడిచి తిరిగొచ్చినవాళ్ళలో చాలామంది వాళ్ళే.

తాళ్ళరేవులో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ముసలాయన, తన తాత రంగూన్ నుంచి నడిచొచ్చాడని చెప్పాడు. ఏం తెచ్చుకున్నాడు తాతా అని అడిగాను. "మలేరియా" అన్నాడు. కొంచెంసేపు ఆగి, తనే ముందు నవ్వాడు.

గురువారం, కాకినాడ

రైలు టికెట్టు మీద కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ సీసీటీ అని ఉంటుంది, పోర్ట్ స్టేషన్‌ది సీఓఏ. ఇంగ్లీషువాళ్ళు కోకనాడా అని రాసుకున్న రోజుల గుర్తు అది, ఊరి పేరు మారినా రైల్వే కంప్యూటర్‌లో మారలేదు. వంతెన అవతల జగన్నాథపురం 1825 దాకా డచ్చివాళ్ళది. అంటే ఓ అరపూట కారు నడిపితే ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి మూడు దేశాల కొట్లూ దాటేయొచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖతో పాటు ఈ ఊరి మీదా బాంబులు వేశాయి. ఇంతమంది కళ్ళు పడ్డ ఊరని బావ ఛాతీ విరుచుకున్నాడు. బాంబు పడ్డందుకు కూడా గర్వపడే జిల్లా ఇది.

మధ్యాహ్నం సుబ్బయ్య గారి హోటల్లో భోజనం. వడ్డించేవాళ్ళు "వద్దు" అన్న మాట వినపడనట్టు నటించడంలో శిక్షణ పొందారు. నోటుబుక్కులో ఆ పేజీ మీద నెయ్యి మరక తప్ప ఏమీ లేదు.

1923 డిసెంబరులో ఇక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం ఎత్తుకోగానే అలీ అభ్యంతరం చెప్పాడు, పలుస్కర్ ఆపకుండా పూర్తిగా పాడాడు. పెద్ద పుస్తకాల్లో ఆ సభలంటే ఈ గొడవే ఉంటుంది. కాకినాడ వాళ్ళు చెప్పేది మాత్రం పక్కనే పెట్టిన ఖాదీ ఎగ్జిబిషన్ సంగతి. గేటు దగ్గర పద్నాలుగేళ్ళ రాజమండ్రి పిల్ల వాలంటీరుగా నిలబడింది. టికెట్టు లేనివాళ్ళని పంపొద్దని చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు, చేతిలో టికెట్టు లేదు. ఆపేసింది. ఆయనెవరో తెలుసా అని నిర్వాహకులు గాభరా పడితే, నాకు చెప్పిన పని చేశాను అంది. ఎవరో టికెట్టు కొనుక్కొచ్చాకే లోపలికి వదిలింది. పేరు దుర్గాబాయి. తరవాత రాజ్యాంగ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ పెట్టినావిడ.

స్టేషన్‌కి వెళ్తూ దారిలో బావ ఈ కథంతా మళ్ళీ చెప్పాడు, ఆ గేటు దగ్గర తనే ఉన్నట్టు. చివర్లో ఒక ముక్క కలిపాడు, ఇంటికొచ్చి చూసుకుంటే నిజమే. 1953 జనవరిలో ఆవిడ అప్పటి ఆర్థిక మంత్రి సి.డి.దేశ్‌ముఖ్‌ని పెళ్ళి చేసుకుంది. సాక్షిగా సంతకం పెట్టింది ప్రధానమంత్రి నెహ్రూయే.

"అప్పుడు మాత్రం టికెట్టు అడగలేదట్రా" అన్నాడు బావ, గొట్టం కాజాల పెట్టెలు రెండు నా బెర్తు కింద తోస్తూ.